రాయికున్న మీసం

ఉదయం ఐదూ నలభైకి పాలవాడు గేటుకు సంచీ తగిలించి వెళ్ళాడు. సంచీలో రెండు ప్యాకెట్లు. ఒకటి చాలని చెప్పి రెండు నెలలైంది. అతను మరిచిపోతూనే ఉన్నాడు, నేను గుర్తుచేయడం మానేశాను. ఆ రోజు రెండూ కాచి, రెండో గిన్నెకు తోడు పెట్టబోయి, ఇంటికి తాళం వేసి పోయేదానికి పెరుగెందుకని పక్కింట్లో ఇచ్చేసి, మాచర్ల బస్సెక్కాను.

ఎందుకెళ్ళానో ముందే చెప్పేస్తాను. మా ఆయన పేరు కోటేశ్వరరావు. వాయుసేనలో పైలట్. డెబ్బై ఒకటి యుద్ధంలో వీర్ చక్ర వచ్చింది. పోయిన మార్గశిరంలో, ఎనభైకి కాస్త ముందు, సికింద్రాబాదు ఆసుపత్రిలో న్యుమోనియాతో పోయారు. మాకు పిల్లల్లేరు. ఆయన వైపు మిగిలిన రక్తసంబంధం ఒక్క చెల్లెలు, రత్తమ్మ. గురజాల దాటి కారెంపూడి వెళ్ళే దారిలో వాళ్ళ ఊరు. అన్నాచెల్లెళ్ళు ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. ఇద్దరికీ కాస్త చెవుడు కాబట్టి మా వీధి వీధికంతా పల్నాడు వార్తలు తెలిసేవి. అలాంటి రత్తమ్మ అన్న పోతే రాలేదు. పెద్దకర్మకూ రాలేదు. ఫోన్ చేస్తే కొడుకు బ్రహ్మం ఎత్తి, "అమ్మ మాట్లాడదంట అత్తా" అని పెట్టేస్తాడు. నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలుసుకోవాలి. వీలైతే ఆవిణ్ణి తిరిగి దక్కించుకోవాలి. ఆమె కూడా పోతే ఆయన గురించి తిట్టుకుంటూ మాట్లాడుకోవడానికి నాకింకెవరూ లేరు.

భర్త పోయిన మనిషిని అయినవాళ్ళు వచ్చి ఒక రాత్రి నిద్రకు తమ ఇంటికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. ఏడాది తిరక్కుండా గడప దాటకూడదన్నది ఇంకో ఆనవాయితీ. ఎదురింటావిడ రెండూ ఒకే గుక్కలో చెప్పింది. మొదటిదానికి ఎవరూ పిలవలేదు. రెండోది, పైలట్ పెళ్ళాంగా గడప లోపల కూర్చుని ఎదురుచూసే పని నేను చాలా ఏళ్ళు చేశాను. ఇక చాలనుకున్నాను.

మాచర్ల

సాగర్ దాటి కృష్ణ ఇవతలికి రాగానే బస్సులో గొంతులు పెరిగాయి. దెబ్బలాడుకుంటున్నారనుకున్నాను. కాదు, ఒకాయన ఇంకొకాయన్ని పెళ్ళికి పిలుస్తున్నాడు.

మాచర్లలో బస్టాండు పక్క మెస్సులో భోజనానికి కూర్చున్నాను. నాది కాకినాడ. మా వైపు పులుసులో చిన్న బెల్లం ముక్క పడకపోతే వంట పూర్తయినట్టు కాదు. ఇక్కడ వంకాయ కూర ఎర్రగా ఉంది. చారు ఎర్రగా ఉంది. పండుమిరప పచ్చడి సంగతి చెప్పక్కర్లేదు. మజ్జిగ ఒక్కటే తెల్లగా ఉంది, అందులోనూ పచ్చిమిరపకాయ తేలుతోంది. భోజనం నూటపది రూపాయలు. మారు వడ్డన ఎంతైనా ఉచితమని బోర్డు పెట్టారు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండో ముద్దకు అర్థమైంది.

వడ్డిస్తున్నావిడ నా విస్తరిలోకి తొంగిచూసింది. "ఏ ఊరు పిన్నిగారూ మీది?"

"కాకినాడ."

"అనుకున్నాలే. కూరలో ఏదో ఎతుకుతున్నారు."

ఒంటరిగా ఎటు పోతున్నానని అడిగింది. చెప్పాను. మా ఆయన పోయారని చెబుతున్నప్పుడే పచ్చడి గొంతులో పడింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆవిడ గరిటె పక్కన పెట్టి నా భుజం మీద చెయ్యి వేసింది.

"కారం" అన్నాను.

"అందరూ అట్టానే అంటారు పిన్నిగారూ. ఏడవండి. మా కొట్లో ఎవరేడ్చినా ఎవరూ తలెత్తి చూడరు, కారమనే అనుకుంటారు."

నిజంగా కారమే. ఆమె నమ్మలేదు. ఇంకో గరిటె పప్పు వేసి, దాని మీద నెయ్యి వేసింది. ఆ నెయ్యికి డబ్బు తీసుకోలేదు.

వాయుసేన అన్నానని, మీ ఆయన యుద్ధంలో ఏం చేశాడని అడిగింది. సంస్మరణ సభలో వక్తలు చెప్పినదయితే, ఆయన గగనసింహం. శత్రువుల రైల్వే యార్డు మీద దాడి చేసి, ప్రాణాలు లెక్కచేయకుండా వెనక్కి తిరిగి, రెండోసారి కూడా దాడి చేశారు. ఆయన నాకు చెప్పినదయితే, మొదటిసారి గురి తప్పింది. బాంబులు పక్కనున్న చెరువులో పడ్డాయి. మిగిలినవి తిరిగి మోసుకొస్తే పై అధికారికి జవాబు చెప్పాలి, గురి తప్పిందన్నా జవాబు చెప్పాలి. ఆ అధికారి అంటే ఆయనకు శత్రువు కన్నా భయం. అందుకని మళ్ళీ వెళ్ళారు. ఈసారి తగిలింది. ఆయనకూ తగిలింది. కాలుతున్న విమానాన్ని సరిహద్దు ఇవతలిదాకా లాక్కొచ్చి దూకేశారు. కాలు విరిగి చెరకు తోటలో పడితే ఆ ఊరి రైతులు గూఢచారి అనుకుని కర్రలతో చుట్టుముట్టారు. ఆయన హిందీ వింటే ఎవరికైనా అనుమానం రావాల్సిందే. చివరికి నొప్పి తట్టుకోలేక ఆయన పల్నాడు భాషలో తిట్టడం మొదలుపెట్టారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాళ్ళు కర్రలు దించారు. ఏ దేశమైనా గూఢచారికి ఇంత శ్రద్ధగా తిట్లు నేర్పించి పంపదని వాళ్ళకు తోచి ఉంటుంది.

ఆమె అంతా విని, "పతకం బంగారమా పిన్నిగారూ?" అంది. వెండి. మా ఇంట్లో సూదుల డబ్బాలో ఉంది.

గురజాల

రాత్రి మాచర్లలోనే లాడ్జిలో పడుకుని, మర్నాడు పొద్దున గురజాలలో దిగేసరికి మా ఆయన నా ఎదురుగా ఉన్నారు. నాలుగు రోడ్ల దగ్గర ఫ్లెక్సీ. "పల్నాటి గరుడుడికి అశ్రునివాళి." ముఖం ఆయనదే, ఒళ్ళు ఎవరిదో. యూనిఫారం నౌకాదళానిది. వెనక ఎగురుతున్నది ప్రయాణికుల విమానం, కిటికీలు కూడా ఉన్నాయి. పక్కన చేతులు జోడించిన బ్రహ్మం బొమ్మ మా ఆయన బొమ్మ కన్నా పెద్దది. అతను ఒకసారి సర్పంచి చేశాడు, మళ్ళీ చేయాలని ఉంది. మా ఆయన ముఖంలో అన్నిటికన్నా బాగా పడింది మీసం. సభలోనూ దాన్ని చూస్తేనే శత్రువు వణికేవాడని ఒకాయన అన్నాడు. అంత ఎత్తులో ఎగిరే శత్రువుకు అది ఎలా కనపడిందో చెప్పలేదు. నాకు తెలిసినంతవరకూ ఆ మీసం సాంబారులో మునిగేది. యాభై ఏళ్ళు తీసేయమన్నాను. "సర్వీసు రూలు" అనేవారు. రిటైరయ్యాక అడిగితే "పెన్షన్ ఆపేస్తారు" అనేవారు. ఆదివారం చెల్లెలికి ఫోన్ చేసే ముందు అద్దం దగ్గర కూర్చుని చిన్న కత్తెరతో దాన్ని సర్దుకునేవారు. ఫోన్లో మీసం కనపడదని నేను చాలాసార్లు చెప్పాను.

ఆటో మాట్లాడుకున్నాను.

"ఎవరింటికమ్మా?" అన్నాడు డ్రైవరు.

"బ్రహ్మం గారింటికి."

"రాయాయన మేనల్లుడేగా. ఎక్కండి."

"రాయాయన ఎవరు?"

"అదిగో, ఫ్లెక్సీలో ఉండాడే, ఆయనే. ఇమానం నడిపేవాడంట. డెబ్బై ఒకటి యుద్ధంలో పోయాడు. వాళ్ళ చేలో వీరుడి రాయి ఉంది. మా తాత చూపించేవాడు."

"ఫ్లెక్సీ మీద మొన్న డిసెంబరులో పోయారని ఉందే?"

అతను అద్దంలో నన్ను జాలిగా చూశాడు. "అది రాజకీయమమ్మా. ఇప్పుడు పోయాడంటేనే గదా ఇప్పుడు ఫ్లెక్సీ కట్టేది."

ఈ ప్రాంతంలో వీరుడంటే చచ్చినవాడు. బతికుండి వీరుణ్ణంటే ఎవరూ ఒప్పుకోరు. యుద్ధంలో తెగిపడ్డవాడికే రాయి నిలబెడతారు, కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవాలప్పుడు ఆ రాళ్ళకు కొబ్బరికాయ కొడతారు. అది నాకు తెలుసు. మా ఆయనకూ ఒక రాయి ఉందని మాత్రం ఆ ఆటోలోనే తెలిసింది. మా పెళ్ళి డెబ్బై నాలుగులో. లెక్క ప్రకారం నేను రాయిని కట్టుకున్నాను. కాపురంలో అప్పుడప్పుడూ ఆ అనుమానం నాకూ వచ్చేది.

ఊరు

పెళ్ళయ్యాక ఆ ఊరికి నాలుగైదుసార్లు వచ్చి ఉంటాను. ప్రతిసారీ చేను చూస్తానంటే అత్తగారూ రత్తమ్మా ఒకే మాట అనేవాళ్ళు: "పాములుంటాయి." యాభై ఏళ్ళ తర్వాత కూడా అవే పాములు ఉంటాయనుకున్నాను.

బ్రహ్మం గేటు దగ్గరే ఎదురొచ్చాడు. మనిషి తలుపంత ఉంటాడు. ఫ్లెక్సీలో కన్నా చిక్కాడు.

"నువ్వొచ్చావా అత్తా? అమ్మ నీతోనే కాదు, నాతోనూ మాట్లాడదు. రెణ్ణెల్లయింది. ఏదన్నా చెప్పాలంటే గేదెతో చెప్తది, నేను ఇనాల."

అబద్ధం కాదు. రత్తమ్మ పెరట్లో నులకమంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆపరేషన్ అయిన మోకాలు చాపుకుంది. నన్ను చూసింది. చూపు తిప్పుకుని గేదె వైపు తిరిగింది.

"ఒసేయ్, మా వదినొచ్చింది. ఎండన పడి వచ్చింది, మజ్జిగియ్యమని చెప్పు వాడికి."

బ్రహ్మం లోపలికి పరిగెత్తాడు. నేను మంచం చివర కూర్చుని గేదెతోనే అన్నాను. "నేను మజ్జిగ కోసం రాలేదని చెప్పు. ఎందుకు మాట్లాడటం లేదో చెప్తే తాగుతాను, లేకపోతే తాగనని చెప్పు."

గేదె తోక ఆడించింది. రత్తమ్మ మోకాలు రుద్దుకుంది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "ఏ మొకం పెట్టుకుని మాట్లాడేది వదినా? అన్నాయ్‌ని నేనే చంపుకున్నా" అంది.

మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చిన బ్రహ్మం గడపలోనే ఆగిపోయాడు. మిగతా కథ అతనూ ఆమే మార్చి మార్చి చెప్పారు. ఒకరి మాట ఒకరు కోస్తూ చెప్పారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

జరిగింది ఇది. యుద్ధంలో ఆయన చెరకు తోటలో పడ్డ వారానికి ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మిస్సింగ్ అని. పోస్టుమాస్టరు చదివి తెలుగులో చెప్పాడు: "మనిషి పోయాడు." ఆయన ఉద్దేశం, గొడ్డు పోయింది, గొడుగు పోయింది అన్నట్టు, కనపడటం లేదని. మా మామగారికి వినపడింది వేరు. ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. మాచర్ల మనిషిని పిలిపించి రాయి చెక్కించారు. చేను గట్టున నిలబెట్టారు. కోడిని కోసి, కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు రెండో టెలిగ్రాం. మనిషి దొరికాడు, కాలు విరిగింది.

తర్వాత వీర్ చక్ర వచ్చిందని రేడియోలో చెప్పారు. ఊళ్ళో వాళ్ళు దానికీ నవ్వారట. "ఒక్క చక్రమిస్తే ఏం జేసుకుంటాడు? రెండిస్తే బండికన్నా పనికొచ్చేయి."

రాయిని ఏం చేయాలన్నది సమస్య అయింది. నిలబెట్టి, రక్తం చూపించిన రాయిని పీకకూడదు. మా అత్తగారు తేల్చేసింది. చావు ఒకసారి వచ్చి మనిషికి బదులు రాయిని తీసుకుపోయింది. ఏటా దాని కాయ దానికి కొడుతుంటే మళ్ళీ ఈ గడపకు రాదు. కట్టుకున్నది మాత్రం ఆ రాయిని చూడకూడదు, చూస్తే ముత్తయిదువతనానికి ముప్పు. పాములు అక్కణ్ణుంచి పుట్టాయి.

అత్తగారు పోయాక రత్తమ్మ కొట్టింది. వానైనా, కాన్పైనా, మొగుడు పోయిన ఏడాదైనా మానలేదు. పోయిన కార్తీకంలో మోకాలి ఆపరేషనని నరసరావుపేట ఆసుపత్రిలో ఉంది. కాయ కొట్టమని బ్రహ్మానికి చెప్పింది. ఆ రోజు బ్రహ్మం పార్టీ మీటింగుకు పోయాడు.

"మర్చిపోయానే అమ్మా! మర్చిపోవటం కూడా తప్పేనా?" అన్నాడు.

రత్తమ్మ గేదెతో చెప్పింది. "మీటింగులో కుర్చీలెన్నో చెప్తాడు, కాయ మర్చిపోయాడంట."

మరుసటి నెలలో నా ఫోన్ వచ్చింది.

నేను న్యుమోనియా అన్నాను. ఊపిరితిత్తులన్నాను. వయసన్నాను. ఆయన ఇన్సులిన్ వేసుకుని మరీ మైసూర్‌పాక్ తినేవారని కూడా చెప్పాను. రత్తమ్మ తలూపుతూ అంతా వింది. "అయ్యన్నీ ఉన్నా యాభై ఏళ్ళు బతికాడు గదా వదినా" అంది.

నేను బ్రహ్మం చేతిలో గ్లాసు తీసుకుని మజ్జిగ తాగేశాను.

రాత్రి భోజనంలో చింతకాయ పులుసు పెట్టింది. అలవాటు కొద్దీ "కాస్త బెల్లం ఉంటుందా?" అన్నాను. ఆమె గరిటెతో ఆగిపోయింది. "పులుసులో బెల్లమేంది వదినా, ఎవరికన్నా బిడ్డ పుట్టిందా?" అని, నవ్వబోయి, నవ్వకూడదని గుర్తొచ్చి, మూత పెట్టేసింది.

చేను గట్టు

పొద్దున నేనే అన్నాను, రాయి చూస్తానని. ఇప్పుడు ముప్పేముంది? రత్తమ్మ ఆలోచించి కర్ర అందుకుంది. బ్రహ్మం ఒక కొబ్బరికాయ సంచిలో వేసుకుని నాలుగడుగుల వెనక నడిచాడు.

మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ముగ్గురం తుమ్ముతున్నాం. దుఃఖంగా నడవడానికి అనువైన దారి కాదు.

రాయి నా నడుమంత ఉంది. నల్లటి నాపరాయి, మా వైపు వంటగది గట్లకు వేసేలాంటిదే. పసుపు కట్టి, వాన పడి, మళ్ళీ పసుపు కట్టి ఉంది. చెక్కిన మనిషి అప్పటికి విమానాన్ని దగ్గర్నుంచి చూడలేదు. వీరుల రాయి అంటే గుర్రం మీద కత్తి పట్టుకున్న మనిషని మాత్రం తెలుసు. అందుకని గుర్రం తీసేసి విమానం పెట్టాడు. మా ఆయన విమానం వీపు మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు చెరోవైపు వేలాడుతున్నాయి. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో కళ్ళెం. విమానానికి కళ్ళెం! ముందు భాగం చేప నోరులా తెరుచుకుని ఉంది, పాపం రొప్పుతున్నట్టు.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. రత్తమ్మ "అన్నాయ్ కూడా ఇట్టాగే నవ్వాడు, కర్ర మీద కుంటుకుంటా వచ్చి. నాన్న కొట్టబోయాడు" అంది.

అప్పుడు ముఖం చూశాను. చెవిదాకా తిరిగిన మీసం.

"అప్పటికి ఆయనకు మీసం లేదుగా?" అన్నాను. ఆ ఏడాది కాలికి కట్టుతో దిగిన ఫోటో నా దగ్గరుంది. గడ్డం, మీసం ఏమీ లేవు.

"లేదు. చెక్కినోడు పెట్టాడు. మీసం లేని వీరుడేందని. అమ్మేమో అన్నాయ్‌ని కూర్చోబెట్టి చెప్పింది. రాయికి మీసముంది, నీకూ ఉండాల. లేకపోతే సావు ఈ రాయిని చూసి, వీడు వేరే ఎవడోలే అని నీకోసం మళ్ళీ వత్తది అంది. అన్నాయ్ ఎంత తిట్టాడో! అయినా పెంచాడు. ఆదివారం ఆదివారం అడిగేదాన్ని, మీసముందా అని. ఉందే, నీ కాయ కొట్టావా అనేవాడు. అదే మాకు ఊసు."

నేను గట్టు మీద కూర్చున్నాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు సరిగ్గా అతకడం లేదని, పక్కల నుంచి గాలి పోతోందని, నర్సు ఆయన మీసం తీసేసింది. పెళ్ళయిన యాభై ఏళ్ళకు మా ఆయన పై పెదవి మొదటిసారి చూశాను. మర్నాడు కాస్త తెలివొచ్చినప్పుడు ఆయన చెయ్యెత్తి పెదవి తడుముకున్నారు. మాస్కు పక్కకు లాగి, "రత్తమ్మకు చెప్పకు" అన్నారు. జ్వరంలో మాట్లాడుతున్నారనుకున్నాను. చెప్పడానికి అందులో ఏముందనుకున్నాను. రెండో రోజు పోయారు.

చెప్పకు అన్నవాడు లేడు. చెప్పాల్సిన మనిషి ఎదురుగా కర్ర మీద నిలబడి ఉంది. చెప్పాను.

రత్తమ్మ నోరు తెరుచుకుని చూసింది. "మీసం తీయించావా?"

"నేను కాదు, నర్సు."

"పక్కన నువ్వున్నావా లేదా?"

"ఉన్నాను."

ఆమె కర్ర ఆనించి నా పక్కన మెల్లగా కూలబడింది. "అయినా నా కాయే ముందు తప్పింది వదినా. నీ మీసం తర్వాత."

"కాయ తప్పాక మూడు వారాలు నిక్షేపంగా ఉన్నారు రత్తమ్మా. ఆదివారం కోడికూర తిన్నారు. నీతో ఫోన్లో అరిచారు కదా. మీసం పోయాక రెండ్రోజులు కూడా లేరు. ఆయనకూ తెలుసు. నీ కాయ గురించి ఒక్క మాట అనలేదు, మీసమే తడుముకున్నారు."

నాకు ఈ నమ్మకాలు లేవు కాబట్టి నేరం నా మీద వేసుకోవడం తేలిక. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

రత్తమ్మ రాయి మీసం వైపు చూసింది. తర్వాత అడిగింది. "పెదవి ఎట్టుంది?"

"తెల్లగా ఉంది. ఎండ తగలక. బడికెళ్ళే పిల్లాడిలా ఉన్నారు."

"మా అమ్మ పెదవి అది. ఎట్టుండేదో మర్చేపోయా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. రెండూ కావచ్చు. "అయితే ఇద్దరం కలిసే లేపేశామన్నమాట."

"డాక్టరు న్యుమోనియా అని రాశాడు."

"ఆళ్ళకేం తెలుసు?"

బ్రహ్మం ఇదే సమయమనుకున్నాడు. రాయిని బస్టాపు దగ్గరకు మార్చి, పైన గోపురం కట్టి, పెద్ద నాయకుణ్ణి పిలిచి ఆవిష్కరణ పెడదామని, పతకం కూడా తెస్తే అద్దాల పెట్టెలో పెట్టొచ్చని చెప్పాడు. చెప్పింది నాతోనే, చూసింది తల్లి వైపు.

రత్తమ్మ కర్ర ఎత్తింది. "ఒరేయ్! దాని మీద చెయ్యేశావంటే విరగ్గొడతా. యుద్ధంలో పోయినోడికిరా రాయి. ఆసుపత్రిలో మంచం మీద పోయినోడికి రాయేంది? ఇంట్లో ఫోటో పెట్టు, చాలు. ఆ గురజాల ఫ్లెక్సీ గుడ్డ కూడా పీకెయ్, మా అన్నాయ్‌ని పడవలోళ్ళ చొక్కా తొడిగి నిలబెట్టావు, ఎదవా."

రెండు నెలల తర్వాత తల్లి తనతో నేరుగా అన్న మాటలు అవి. బ్రహ్మం ముఖం వెలిగిపోయింది. "పీకేత్తానే అమ్మా" అన్నాడు.

తెచ్చిన కొబ్బరికాయ మిగిలింది. అప్పుచ్చినోడు వచ్చి అసలే తీసుకుపోయినాక ఇంకా వడ్డీకి కాయ ఎందుకంది రత్తమ్మ. ఇంటికి తీసుకెళ్ళి పచ్చడి చేసింది. అందులోనూ ఎండుమిరపకాయలే ఎక్కువ.

నకరికల్లు మీదుగా నరసరావుపేట

వచ్చేటప్పుడు రత్తమ్మ నాకో సీసాడు కొరివికారం ఇచ్చింది. "మీ బెల్లం నోటికి కాస్త బుద్ధొచ్చుద్ది" అంది. నకరికల్లు దగ్గర బస్సు గుంటలో పడింది, సీసా మూత ఊడింది. సంచిలోంచి నూనె కారి నా తెల్ల చీర కుచ్చిళ్ళు ఎర్రబడ్డాయి. ముందు సీటు పెద్దాయన చూసి "దెబ్బ తగిలిందామ్మా?" అని కంగారుపడ్డాడు. కొరివికారమన్నాను. "అయ్యో, నేల పాలయిందా!" అన్నాడు. నాకు దెబ్బ తగిలి ఉంటే అంత బాధపడేవాడు కాదు.

నరసరావుపేట బస్టాండులో ఒకావిడ సోడా కొని నా కుచ్చిళ్ళు తనే తడిపి రుద్దింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు, ఏ ఊరి కారమని మాత్రం అడిగింది. మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ చీర ఇంట్లో కట్టుకుంటున్నాను.

ఇంటికి వచ్చాక పాలవాణ్ణి ఆపి ఒక ప్యాకెట్టే వేయమని మళ్ళీ చెప్పాను. ఈసారి గుర్తుపెట్టుకున్నాడు. ఆదివారాలు రత్తమ్మ ఇప్పుడు నాకు ఫోన్ చేస్తుంది. నాకు చెవుడు లేదు గానీ ఆమె గొంతు తగ్గించదు.

మొన్న కార్తీక అమావాస్య. నేనే ఫోన్ చేశాను. కారెంపూడికి జనం పోతున్నారని, ఊరంతా దుమ్మని చెప్పింది. చేనువైపు వెళ్ళావా అని అడిగాను. వెళ్ళానంది, మిరప తోటకు నీళ్ళు పెట్టించడానికి. పనివాళ్ళు అన్నం మూటలు ఆ రాయి మీద పెట్టుకుంటున్నారట, ఎవరూ ఏమీ అనడం లేదట.

ఆ రాయికి ఇప్పుడు కొబ్బరికాయ కొట్టడం లేదు.